మరక పడని సూటు

"ఏ నూనె?" అని డాక్టరు బెంగాలీలో మూడోసారి అడిగాడు.

సన్యాసమ్మకు బెంగాలీ రాక కాదు. శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి కలకత్తా వచ్చి ఇరవై ఆరేళ్లయింది. చేపల బజారులో బేరమాడేటంత బెంగాలీ, రేషను షాపులో దెబ్బలాడేటంత హిందీ ఆమెకు ఎప్పుడో పట్టుబడ్డాయి. జవాబు తెలియక నోరు తెరవలేదు, అంతే.

"నల్ల నూనె, డాక్టరుబాబూ. తారునాగ సాగుతాది. దగ్గరకెల్తే కళ్లమ్మట నీళ్లొచ్చీస్తాయి" అంది చివరికి, తనకొచ్చిన బెంగాలీలో.

"నల్ల నూనెలు పది రకాలుంటాయి. పైన ఏదో మందు కూడా చల్లారన్నావు. అదేమిటి?"

"తెల్ల డ్రమ్ములోది. సబ్బు నురగనాగొచ్చింది."

డాక్టరు కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నాడు. కుర్రవాడే గాని రాత్రంతా డ్యూటీ చేసినవాడి ముఖం. అతని బల్ల ముందు నుంచి వరండా చివరి వరకూ అరవై మంది వరసలో ఉన్నారు. బెంచీ మీద ఆమె మొగుడు కూర్మయ్య రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ముందుకు వంగి కూర్చున్నాడు. ఒక్కో ఊపిరికీ బస్తా ఎత్తుతున్నట్టు భుజాలు లేస్తున్నాయి. ముంజేతుల మీద చర్మం ఎర్రగా కమిలి పొరలు లేచింది. పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి.

రెండు రూపాయల చీటీ మీద టీబీ అని రాసి ఉంది. మంగళవారం నాడు చూసిన ఇంకో డాక్టరు రాశాడు. ఆయన్ని అనడానికీ లేదు. ఓడరేవు పని, బక్క ఒళ్లు, దగ్గు, ఈ మూడూ ఒక మనిషిలో కనబడితే ఆ ఆస్పత్రిలో కలం దానంతటదే టీబీ అని రాసేస్తుంది. అందులో పదికి తొమ్మిది నిజమే. ఆ పదో మనిషి కూర్మయ్య.

"ఇది టీబీ కాదనిపిస్తోంది నాకు" అన్నాడు డాక్టరు. "ఊపిరితిత్తుల్లోకి ఏదో పోయింది. అదేమిటో తెలిస్తే ఏం చెయ్యాలో నాకు తెలుస్తుంది, పెద్దాసుపత్రిలో ఆ వార్డుకి రాస్తాను. అక్కడివాళ్లు కాగితం అడుగుతారు. ఏ నూనె పడింది, ఏ మందు చల్లారు, మీ ఆఫీసులో రెండు పేర్లు రాయించుకురా. రెండు పేర్లు చాలు."

"రాయించకపోతే?"

"చీటీ మీద టీబీ ఉంది. టీబీ మందే ఇస్తారు." అతను కూర్మయ్య వైపు చూశాడు. "తొందరగా వెళ్లు."

సన్యాసమ్మ సంచిలోంచి ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన మూట తీసి విప్పింది. నల్లగా గట్టిపడిన బొంత. ఘాటైన వాసన గది నిండా కొట్టింది. వరసలో ముందున్న ముసలాయన ముక్కు మూసుకున్నాడు.

"ఇదే బాబూ ఆ నూనె. ఇది చూసీసి సెప్పలేరా?"

డాక్టరు వాసన చూశాడు. నిజంగానే వంగి చూశాడు, పాపం. "గుడ్డని ఫైల్లో పెట్టలేనమ్మా. కాగితం తే" అన్నాడు.

*

ఈ కథంతా ఒక సూటు దగ్గర మొదలైంది. అది తెల్లది. కాళ్ల దగ్గర్నుంచి తలమీది టోపీ దాకా ఒకటే కుట్టు, ముందు జిప్పు.

గంగలో నూనె పడితే ఏం చెయ్యాలో నిర్ణయించడానికి ఏడు శాఖలు కలిసి ఒక సమన్వయ కమిటీ వేసుకున్నాయి. జెట్టీ కూలీలు దానికి ఏడు కుర్చీల కమిటీ అని పేరు పెట్టారు. కమిటీ నీలం అట్ట పుస్తకం ఒకటి అచ్చు వేయించింది. నూట నలభై పేజీలు. ఎవరు ఎవరికి ఫోను చెయ్యాలి, నూనె పది టన్నులలోపయితే ఏ శాఖ కదలాలి, పది దాటితే ఏ శాఖ కదలాలి, తేలే కంచె ఎక్కడ కట్టాలి, అన్నీ అందులో ఉన్నాయి. నిజం చెప్పాలంటే మంచి పుస్తకమే. అందులో లేనిది ఒక్కటే, నీళ్లలోకి దిగేవాడికి వచ్చిన భాష.

ఆ పుస్తకం ప్రకారం ఆర్నెల్లకోసారి డ్రిల్లు జరగాలి. మొదటిది మొన్న జనవరిలో మెటియాబ్రుజ్ పక్కనున్న ఒక చిన్న జెట్టీలో జరిగింది. గంగలో నూనె పొయ్యకూడదు గనక నూనెకు బదులు మురీలు పోశారు. మన వైపు మరమరాలంటామే, అవే. కిలో పద్దెనిమిది రూపాయల చొప్పున ఇరవై కిలోలు. గంగ పోటుకీ పాటుకీ మధ్య కదలకుండా నిలబడే అరగంట ఎప్పుడొస్తుందో గురువులనే కూలీల సర్దారు లెక్కగట్టి చెప్పాడు. ఆ అరగంటలోనే పెద్దలంతా పడవ మీద వచ్చారు. నారింజరంగు తేలే కంచె గుండ్రంగా కట్టారు. తెల్ల సూట్లు తొడుక్కున్న పన్నెండుమంది కూలీలు వలలతో మురీలు తోడారు. ఫొటోలు తీశారు. ఒక్క గింజ కంచె దాటలేదు. ఆ రోజు గంగలో చేపలకి పెళ్లిభోజనం.

కూలీలకు మామూలు తొంభై రూపాయల మీద ఇంకో యాభై, రెండు గుడ్లు, పావురొట్టె ఇచ్చారు. అందరూ సంతోషంగా ఇళ్లకి పోతుంటే స్టోరుబాబు కూర్మయ్యను పట్టుకున్నాడు. సూటు మోకాలి దగ్గర రూపాయి బిళ్లంత బురద మరక.

"ఒక్కో సూటు ఎంతో తెలుసా? ఫారిన్ సరుకు. ఇలా పాడుచేస్తే మళ్లీ ఎవరికిస్తారు?" అని అందరి ముందూ తిట్టి, నలభై రూపాయలు కోశాడు. డబ్బు కంటే ఆ తిట్టే కూర్మయ్యను కోసింది. అతను ముప్ఫై ఏళ్ల కూలిలో ఒక మాట పడని మనిషి. నోట్లో నాలుక లేనివాడంటారే, ఆ రకం. రమ్మన్నచోటికి వచ్చేవాడు, వెయ్యమన్నచోట వేలు వేసేవాడు. సర్దారు హాజరు పుస్తకం తెరిస్తే అందరికంటే ముందు కూర్మయ్య బొటనవేలు ఇంకు మీద ఉండేది. పనిమంతుడు, నమ్మకస్తుడు అని పేరు. ఈ లోకం పేదవాడికి ఖర్చు లేకుండా ఇచ్చే బిరుదులు ఆ రెండే.

ఆ రాత్రి అన్నం దగ్గర కూర్మయ్య, "మరక పడకుండా సూసుకోవాల్సింది" అని ఒకటే అన్నాడు. సన్యాసమ్మ నవ్వేసి ఊరుకుంది. ఎందుకు నవ్వానా అని ఇప్పుడు ఏడుస్తోంది.

*

పోయిన సోమవారం ఉదయం ఎనిమిది దాటాక, జెట్టీలో ఒక బార్జి నుంచి ఓడకు నూనె ఎక్కిస్తుండగా గొట్టం పగిలింది. పున్నమి వెళ్లిన మర్నాడు. పాటు నీటిని సముద్రం వైపు ఉధృతంగా లాగుతోంది.

నీలం పుస్తకంలోని మొదటి నంబరుకి ఫోను చేస్తే ఆ ఆఫీసరు రిటైరై ఏడాదయిందని చెప్పారు. రెండో నంబరాయన ఎన్ని టన్నులని అడిగాడు. పదిలోపయితే మాది కాదన్నాడు. మూడో ఆయన పది దాటితే మాది కాదన్నాడు. నూనెను కొలిచే బాధ్యత ఎవరిదో పుస్తకంలో తొంభై ఒకటో పేజీలో ఉందన్నారు. ఆ పేజీ వెతికేలోపు నూనె కూలీల బస్తీ స్నానాల రేవు చేరింది. గంగకి పేజీ నంబర్లు తెలియవు.

కంచె కట్టారు. డ్రిల్లులో కట్టినట్టే గుండ్రంగా కట్టారు, ఎందుకంటే అదే నేర్పారు. పాటులో అలా కడితే నిలవదని, ఏటవాలుగా ఒడ్డుకి నడిపించేటట్టు కట్టాలని గురువులుకి తెలుసు. కాని ఆ రోజు గురువులునెవరూ అడగలేదు. పది నిమిషాల్లో కంచె తెగి కొట్టుకుపోయింది. నూనె పీల్చే మెత్తలు స్టోరులో రెండు వందలుండాలి. నాలుగు దొరికాయి. తక్కినవి ఎక్కడున్నాయో చూడాలంటే ఆఫీసుల్లో కుర్చీల మీద చూడాలి.

స్టోరు తాళం తీసేసరికి పది. సూట్లు పంచారు. కూర్మయ్య సూటు తొడుక్కుని గట్టు దాకా నడిచాడు. నడుం లోతు నీళ్ల మీద జానెడు మందం నల్లటి నూనె తేలుతోంది. అతను అక్కడ ఆగి, జిప్పు లాగి, సూటు విప్పి, జాగ్రత్తగా మడతపెట్టి, గట్టుమీద పొడిగా ఉన్న రాయి మీద పెట్టాడు. దాని మీద ముక్కుకి కట్టుకునే తొడుగు పెట్టాడు. గాలికి ఎగరకుండా పైన ఇటుక పెట్టాడు. లుంగీ గోచీ బిగించి నూనెలోకి దిగాడు.

అతన్ని చూసి తక్కినవాళ్లూ విప్పారు. సూటు పాడైతే ఏమవుతుందో అందరూ జనవరిలో చూశారు. గట్టుమీద పన్నెండు సూట్లు, పన్నెండు ఇటుకలు.

సూట్లు అందని తక్కిన కూలీలతో కలిసి నలభైమంది బకెట్లతో, కొబ్బరిపీచుతో, గోనెసంచులతో తోడారు. చాలక గుడ్డలు తెమ్మని గురువులు బస్తీకి కేకేశాడు. ఆడవాళ్లు ఇంట్లో ఉన్న పాతబట్టలన్నీ తెచ్చారు. సన్యాసమ్మ దగ్గర పాతబట్టలంటూ లేవు. ఉన్నది ఒక బొంత. తల్లి పోయాక ఆమె కోకలు ఏడు ఒకదాని మీద ఒకటి పరిచి కుట్టుకున్నది. తల్లి కోకల బొంత కూతురి పురుడు చూడాలంటారు. ఆ బొంత సన్యాసమ్మ కూతుళ్లిద్దరి పురుళ్లూ చూసింది. మొగుడు నడుం లోతు నూనెలో నిలబడి ఉంటే ఇక బొంత ఏమిటి, తెచ్చి అందించింది.

మధ్యాహ్నం ఎవరో పడవలో వచ్చి, మనుషులు నీళ్లలో ఉండగానే, తెల్ల డ్రమ్ములోంచి మందు చల్లారు. నూనె నురగగట్టి అడుక్కి పోయింది. పైకి గంగ తేటగా కనిపించింది. ఫొటో తీసుకుని వెళ్లిపోయారు. మూడింటికి పైకొచ్చిన కూర్మయ్యకు కళ్లు, పళ్లు తప్ప మిగతాదంతా నలుపే. ఒళ్లు కడుక్కోవడానికి సబ్బు చాలక కిరసనాయిలు పోసుకున్నారు. అది వద్దని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. వద్దని నీలం పుస్తకంలో ఉంది.

అన్నీ అయ్యాక, కూర్మయ్య చేతులు గోనెకి తుడుచుకుని, మడత చెదరకుండా రెండు వేళ్లతో సూటు పట్టుకెళ్లి స్టోరుబాబుకి అప్పజెప్పాడు. ఆయన తిప్పి తిప్పి చూసి, "ఇప్పుడు నేర్చుకున్నావు" అన్నాడట. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి నవ్వాడు కూర్మయ్య. నవ్వుతూనే దగ్గాడు. ఆ దగ్గు ఇవాళ శనివారం దాకా ఆగలేదు.

*

కూర్మయ్యను పన్నెండు రూపాయలిచ్చి రిక్షాలో ఇంటికి చేర్చి, పక్కింటి జగ్గమ్మను కాపలా పెట్టి, సన్యాసమ్మ జెట్టీ ఆఫీసుకు వెళ్లింది. అక్కడ రఘురాం అనే కుర్ర ఇంజనీరున్నాడు. వరంగల్ వైపు మనిషి. ఏడు కుర్చీల కమిటీకి కాగితాలు రాసేది అతనే. తెలుగువాడు గనక బస్తీలో అందరికీ అతనంటే కొంచెం ధైర్యం.

"బావూ, రెండు పేర్లు రాసివ్వండి. నూనె పేరొకటి, మందు పేరొకటి. డాక్టరుబాబు అడగమన్నాడు" అంది.

రఘురాం ఆమెను కూర్చోమని, తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. తన కుర్చీ మీదున్న తెల్లటి మెత్త కేసి ఆమె చూడటం చూసి, దాని మీద గబుక్కున కూర్చున్నాడు.

"అమ్మా, సోమవారం నాడు నూనె పడ్డదని రికార్డుల లేదు."

"నేకపోడమేటి?"

"డ్రిల్లు అయిందని ఉన్నది. రెండో డ్రిల్లు. మురీలతోని."

సన్యాసమ్మకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యేలా అతను నెమ్మదిగా చెప్పాడు. నూనె పడిందని రాస్తే అది ఏ శాఖదో తేలాలి. తేలితే ఆ శాఖ జవాబు చెప్పుకోవాలి. ఏడు శాఖలూ మంగళవారం కూర్చుని మధ్యాహ్నం దాకా వాదించుకున్నాయి. చివరికి ఒక పెద్దమనిషికి మహత్తరమైన ఊహ వచ్చింది. రెండో డ్రిల్లు ఎలాగూ బాకీ ఉంది. పై నెలలో ఢిల్లీ నుంచి తనిఖీకి వస్తున్నారు. మనుషులు దిగారు, కంచె కట్టారు, ఫొటోలున్నాయి. అది డ్రిల్లే అనుకుంటే ఒక్క దెబ్బకి రెండు పిట్టలు. ఏడు కుర్చీలు మొదటిసారి ఒక్క మాట మీదికి వచ్చింది అప్పుడే. సమన్వయమంటే అదేనేమో.

"మరి గంగంతా నల్లగయిపోనాది కాదేటి? ఊరంతా సూసినారు!"

"సూట్లు తెప్పించి చూసిండ్రమ్మా." రఘురాం గొంతు తగ్గింది. "పన్నెండు సూట్లు. ఒక్కదానికన్న మరక లేదు. నూనె పడుంటే మరక పడాలె గద అని రాసుకున్నరు. గదే సాక్ష్యం."

గోడ పక్క అలమారా అద్దంలోంచి అవి కనబడుతున్నాయి. దొంతరగా పేర్చి ఉన్నాయి. పైనున్న సూటు మడత సన్యాసమ్మ గుర్తుపట్టింది. చేతులు వెనక్కి తిప్పి, టోపీ లోపలికి పెట్టే మడత. ఇరవై ఆరేళ్లుగా కూర్మయ్య తన చొక్కా చేతులు అలాగే మడుస్తాడు. అంత జాగ్రత్తగా, అంత పద్ధతిగా తన చావు తనే మడతపెట్టి అప్పజెప్పి వచ్చాడు కదా అనుకుంది.

ఆమె సంచిలోంచి బొంత తీసి బల్ల మీద పరిచింది. నీలం అట్ట పుస్తకానికి నూనె అంటింది.

"ఇది మరక కాదా బావూ? ఇది మురీల మరకా?"

రఘురాం లేచి నిలబడ్డాడు. కిటికీ వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. "తియ్యమ్మా, దండం పెడ్త, తియ్యి. ఎవరన్న చూస్తరు."

"నేరం ఎవులిదో నాకక్కర్నేదు. ఎవుల్నీ అడగను. ఆ రెండు పేర్లు సెప్పండి. రాయకపోతే నోటితో సెప్పండి. నాను డాక్టరుబాబుకి సెప్పుకుంటాను."

"నేను పేరు చెప్తే నేను చూసినట్టయితది. చూసినోనివి రిపోర్టు ఎందుకు రాయలేదంటరు. నాది పర్మనెంటు గాదమ్మా, ఆర్నెల్ల కాంట్రాక్టు."

సన్యాసమ్మ అతని కాళ్ల మీద పడింది. అతని వయసు ఆమె పెద్దకూతురి వయసు. రఘురాం ఒక్క ఉదుటున వెనక్కి జరిగాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కుర్చీలో కూర్చుని చిన్న కాగితం ముక్క లాగి, కలం తెరిచి, రాయడం మొదలుపెట్టాడు. నాలుగక్షరాలు పడ్డాయి. సన్యాసమ్మకు చదువు రాదు, అయినా ఆ నాలుగక్షరాలనే కళ్లార్పకుండా చూసింది.

టేబుల్ మీద ఫోను మోగింది. అవతలి వాళ్లకి రఘురాం నాలుగుసార్లు "యస్ సార్" అన్నాడు. పెట్టేశాక కాగితం వైపు చూశాడు. దాన్ని రెండు మడతలు పెట్టి, నాలుగు మడతలు పెట్టి, జేబులో వేసుకున్నాడు.

"నువ్వొచ్చినవని పైకి తెలిసిపోయిందమ్మా. ఇంటికి పో" అన్నాడు, ముఖం తిప్పుకుని.

అతను చెడ్డవాడు కాడు. చెడ్డవాడయితే ఇంత బాధ ఉండేది కాదు, శాపనార్థాలు పెట్టి రావచ్చు.

*

ఇంటికొచ్చేసరికి జగ్గమ్మ కూర్మయ్య వీపు నిమురుతోంది. గది ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. సన్యాసమ్మ బొంతను లోపలికి తేలేదు. ఆ వాసన లోపలుంటే కూర్మయ్యకు ఊపిరి ఇంకా బిగుస్తుంది. బయట వదిలితే ఎవరెత్తుకుపోతారోనని సోమవారం నుంచి గుమ్మం మేకుకి కట్టి, గుమ్మంలోనే పడుకుంటోంది. ఇప్పుడూ అక్కడే కట్టింది.

"పాపం, సూటు... సూటు అంటన్నాడు. ఏటోనే?" అంది జగ్గమ్మ.

కూర్మయ్య కళ్లు తెరిచాడు. "సూటు... మరక... ఏమన్నా..." ఒక్కో మాటకీ ఒక ఊపిరి.

సన్యాసమ్మకు ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియని కోపం, చేతికందినవాడి మీద పడింది. "నేదయ్యా, నీ సూటుకి మరక నేదు! అందుకే గంగలో నూనే నేదంట. నివ్వు మురీల్లో ములిగినావంట. మరకుంటే సాచ్చికమయ్యేది. శుబ్బరంగ మడతెట్టి ఇచ్చీసినావు. ఆ మడత సూపించే నిన్ను సంపేస్తన్నారు. ఇనబడిందా?"

అన్నాక నాలుక కరుచుకుంది. కూర్మయ్య పైకప్పు రేకు వైపు చూస్తూ ఉండిపోయాడు.

అయిదున్నర దాటాక సర్దారు గురువులు వచ్చాడు. కూర్మయ్యను పద్నాలుగో ఏట ఊరి నుంచి తీసుకొచ్చింది అతనే. వాళ్ల పెళ్లి కుదిర్చిందీ అతనే. అరవై దాటినవాడు, తెల్లటి మీసం, చంకలో హాజరు పుస్తకం, చేతిలో ఇంకు డబ్బా. గుమ్మం మీది బొంత చూసి ఆగి, దాన్ని తగలకుండా వంగి లోపలికొచ్చాడు.

"ఎలాగున్నాడే?"

"సూస్తన్నావు కదా మావా."

గురువులు కింద కూర్చుని కాగితం ఒకటి తీశాడు. "దాపరికమెందుకు, సెప్పీస్తన్నాను. సోమారం నాడు డ్రిల్లు సేసినాం, సూట్లు, గ్లవుసులు అందరికీ ఇచ్చినారు, ఎవులికీ ఏ దెబ్బా తగల్నేదు. ఇదీ దీనిమీద రాసున్నది. ముప్పయి తొమ్మిది మంది ఏలుముద్రలేసినారు. కూర్మిగాడొక్కడే ఉండిపోనాడు."

"నివ్వూ ఏసినావా?"

"ముందు నాదే." గురువులు ఆమె ముఖం చూడలేదు. "ఏటి సెయ్యమన్నావు? యూనియనాఫీసు లీడర్లు కూడా ఏసీమన్నారు. మన పార్టీ సర్కారు, మనమే పరువు తీసుకుంటామేటి అన్నారు. ఎర్రజెండా పట్టుకుని నాను ఇరవయ్యేళ్లు నడిచినానే. ఆ మాట అనీసరికి నా ఏలు దానంతటదే ఎల్లిపోనాది."

సన్యాసమ్మ కూర్మయ్య నుదుటి చెమట తుడిచింది.

"ఇనుకో. పెద్దాసుపత్రిలో బెడ్డు మాటాడినారు. ఆక్సిజను ఉంతాది. ఆరింటికి బండొస్తాది. ఏలేస్తే ఎక్కించీడమే. ఆ గుడ్డ కూడా ఇచ్చీమన్నారు, కాల్చీడానికి."

"ఏలెయ్యకపోతే?"

"బెడ్డొకటేనే. మన ఇళ్ల లైన్లోనే ఇంకా ముగ్గురు దగ్గుతన్నారు."

"ఆ బెడ్డుమీద ఏ మందిస్తారు మావా? నూనే పడనప్పుడు మరేటిస్తారు? టీబీ మందే కదా?"

గురువులు ఇంకు డబ్బా ముందుకి జరిపాడు. "గాలయితే ఆడుతాదే. మిగతాది దేవుడు."

గాలయితే ఆడుతుంది. సన్యాసమ్మ కూర్మయ్య ఛాతీ వైపు చూసింది. మెడ కింద గుంట ఊపిరి ఊపిరికీ లోపలికి పోయి అక్కడే ఆగి మళ్లీ వస్తోంది. ఆమెకు న్యాయమక్కర్లేదు, నిజమక్కర్లేదు. ఈ రాత్రి గడవాలి. పరువు, సాక్ష్యం బతికున్నవాళ్ల సరదాలు. ముందు మనిషి ఉండాలి. ఆమె లేచి గుమ్మం దగ్గరికి వెళ్లి బొంత ముడి విప్పి తెచ్చి గురువులు ముందు పడేసింది.

"తీసుకో. మా అమ్మ కోకలు. కాల్చీయండి. బండి మాత్రం బేగి రమ్మను."

గురువులు నిట్టూర్చాడు. ఇంకు డబ్బా మూత తీశాడు. కాగితాన్ని హాజరు పుస్తకం మీద పరిచి, కూర్మయ్య పేరు పక్కన ఖాళీ జాగా వేలితో చూపించాడు. సన్యాసమ్మ కూర్మయ్య తల ఒళ్లోకి తీసుకుంది.

"ఇదిగో, ఏలెయ్యాల. అంతే. ఆస్పత్రికెల్పోదాం" అంది, పసిపిల్లవాడికి చెప్పినట్టు.

చర్మం లేచిన అతని కుడిచెయ్యి పట్టుకుని ఇంకు డబ్బా దగ్గరికి తెచ్చింది. ఆ చెయ్యి తేలిగ్గానే వచ్చింది. ముప్ఫై ఏళ్లుగా పిలిస్తే వచ్చిన చెయ్యే అది. డబ్బా దగ్గరికి వచ్చాక ఆగింది. వేళ్లు మెల్లగా ముడుచుకున్నాయి. మొదట బొటనవేలు లోపలికి పోయింది. దాని మీద తక్కిన నాలుగూ మూసుకున్నాయి.

"తిమ్మిరెక్కినట్టుంది" అన్నాడు గురువులు.

సన్యాసమ్మ ఒక్కో వేలూ విప్పబోయింది. చూపుడువేలు విప్పితే చిటికెనవేలు మూసుకుంటోంది. ఊపిరికి చాలని బలం ఆ పిడికిలికి ఎక్కడినుంచి వచ్చిందో! "ఏటయ్యా... నీకు దండమెడతాను, ఇయ్యి... ఒక్కసారి" అని గోళ్లతో లాగింది. ఎర్రటి చర్మం చిట్లి ఆమె వేళ్లకు తడి తగిలింది. తలెత్తి చూసింది. కూర్మయ్య ఆమెనే చూస్తున్నాడు. స్పృహలో లేని చూపు కాదు అది. పెదవులు కదిలాయి. మాట రాలేదు. తల మాత్రం ఇటు నుంచి అటు, ఒక్కసారి, కొంచెం కదిలింది.

"వద్దు" అన్న ఆ మనిషిని సన్యాసమ్మ ఇంతకుముందు ఎన్నడూ చూడలేదు.

ఆమె లాగడం ఆపింది. ఆ పిడికిలిని తన రెండు చేతుల మధ్య పట్టుకుని గట్టిగా ఏడ్చింది. విప్పాలో, అలాగే పట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. గుమ్మంలో జగ్గమ్మ నిలబడిపోయింది. గురువులు ఇంకు డబ్బా చేత్తో పట్టుకుని, దాన్ని మూయకుండా అలాగే కూర్చున్నాడు.

వీధి చివర బండి హారను వినిపించింది.